పెదనాన్న గాటు పెట్టిన నెల

హజర్ ఖర్జూర తోటలు
ప్రవక్త వీడ్కోలు హజ్ జరిగాక నాలుగో ఏడు, రజబ్ ఐదు

దయ అంతా ఎవరి సొంతమో ఆ ఒక్కడి పేరుతో.

కినానా తెగ పెద్ద, సరాత్ కొండల్లోని తేనెటీగలకు కొత్తగా నాయకుడూ అయిన మా పెదనాన్న ఖిరాష్‌కు, తమ్ముడి కొడుకు హుసైల్ సలాం.

పన్నెండేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం కదా, అందుకని ఒంటె జబ్బ ఎముకల్లో పెద్దది ఏరి తీసుకున్నాను. చదివాక పారేయకు, వెనకవైపు ఖాళీగా ఉంది.

నీ సంగతి తోళ్ల వ్యాపారి వబ్రా చెప్పాడు. నువ్వు కూడా సాక్ష్యం పలికావట! అల్లాహ్ తప్ప దేవుడు లేడనీ, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త అనీ, నీ నోటితో నువ్వే! వినగానే ఉన్నచోటే నేలకు నుదురు ఆనించాను. లేచాక అనుమానం పట్టుకుంది. మూడువందల అరవై విగ్రహాల ముందు వంగి అలవాటైన నడుం కదా, ఒక్కడి ముందు వంగమంటే పని తగ్గిందని అలగలేదా?

నేనిక్కడ జనానికి నమాజ్ నేర్పుతున్నాను. నిన్నమొన్నటిదాకా నిప్పుకు మొక్కినవాళ్లు, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లు. ఊపిరి బిగబట్టడం బాగా వచ్చినవాళ్లు కాబట్టి నా ప్రసంగం చివరిదాకా వింటారు. నేను పండితుణ్ణేం కాను. బద్ర్ యుద్ధంలో దొరికిన బందీలతో, పదేసి మందికి అక్షరాలు నేర్పితే వదిలేస్తామన్నారు గుర్తుందా? అలాంటి ఒక పదిమంది వెనకాల నిలబడి, పిలవకుండా నేర్చుకున్న పదకొండోవాణ్ణి నేను. కానీ దైవవాక్యం రాసిన ఎముకలూ మట్టలూ తోలుముక్కలూ సంచీ నిండా నా భుజానే ఉంటాయి. ఎవడైనా వాదానికి వస్తే ముందు సంచీ దించుతాను, తర్వాత వాణ్ణి దించుతాను.

ఈ ఏడు హజ్‌కి రా, పెదనాన్నా. జిల్‌హజ్ తొమ్మిదో రోజు, అరఫాత్ మైదానంలో, ఒంటె మూపురంలాంటి బండ దగ్గర. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని సంత చూపించేవాడివే, అదే బండ. ఇప్పుడక్కడ కురైషు వాడూ కినానా వాడూ, యజమానీ బానిసా అని లేదు. మగవాళ్లందరికీ కుట్టని గుడ్డలు రెండే.

నెలలు లెక్కపెట్టే నీ గాట్ల కర్ర మాత్రం ఇంట్లోనే పెట్టి రా. నెలలు పన్నెండని లోకాన్ని పుట్టించిన రోజే రాసిపెట్టినవాడికి నీ కర్రతో పనిలేదు.

నీ పెంపకంలో ఇంత పెరిగినవాడు,
హుసైల్

*

సరాత్ కొండలు
షాబాన్ ఇరవై ఏడు (లెక్క నాది, కాబట్టి తప్పుండదు)

అదే దయగలవాడి పేరుతో. ఆయన్ని నువ్వొక్కడివే గుత్తకు పట్టలేదని వబ్రా చెప్పాడు.

ఒరే హుసైల్,

ఎముక అందింది. మీ పెద్దమ్మ లుబాబాకు చూపు మసకేసింది. నీ ఉపదేశాన్ని పులుసులో వేయబోతుంటే, "ఆగవే, దాని మీద రాత ఉంది!" అని అరిచాను. "ఇన్నేళ్లకు పంపి పంపి మాంసం ఒలిచేసిన ఎముక పంపాడా? వాడి పిసినారితనం ఏ మతంలో చేరినా పోదు" అంది. తర్వాత ఆ ఎముకనే గుండెకు పెట్టుకుని ఏడ్చింది. అది రాయొద్దంది, అందుకే రాస్తున్నాను.

కర్ర ఉందిరా. పదహారేళ్ల వయసులో మోకాలికేసి నువ్వు విరిచిన కర్రే. ఒంటె నరంతో కట్టాను, గట్టిగానే నిలిచింది. నెలవంకకు ఒక గాటు, ఏడు తరాల గాట్లు. ఆ రోజు నువ్వు నన్నన్న మాట కూడా అలాగే ఉంది. దాన్ని కట్టడానికే ఏ నరమూ దొరకలేదు.

మూడేళ్లకోసారి మేం అధిక నెల కలపబట్టే కదా, ఏ నెల ఆ కాలంలో నిలబడింది! లేకపోతే నెలలన్నీ తాడు తెంచుకున్న ఒంటెల్లా తిరిగేవి. రంజాన్ అంటేనే కాళ్లు కాలే నెల. ఈసారి చూడు, ఇక్కడ దుప్పటి కప్పుకుని ఉపవాసం ఉండాలి. సరే, నాకెందుకు? వీడ్కోలు హజ్‌లో నేనూ ఉన్నాను, చివరి వరుసలో. ప్రవక్త మాట ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు దాటుతూ వెనక్కి వచ్చింది: నెలలు జరిపే చాటింపు ఇక లేదని. సంతలో ఒంటెనెక్కి చాటే మా కొలువు ఒక్క పూటలో పోయింది. ఆ రోజు నుంచి నోరు తెరిచి ఒక్క నెల కూడా చాటలేదు. ఇంతకన్నా విధేయత కావాలా నీకు? మీ పెద్దమ్మ పుట్టింటి కొండకు వచ్చి ఈగల్ని చూసుకుంటున్నాను. ఇక్కడ పదకొండు ఇళ్లు. నేను చాటను, వాళ్లే వచ్చి నా కర్ర చూసి పోతారు. ఎల్లుండి నెలవంక కనబడితే ఉపవాసాలు మొదలు.

నీ వబ్రా ఇరవై రోజులుగా మా ఇంట్లోనే ఉన్నాడు. మనిషికి కడుపులో ఏదో జబ్బు. పగలంతా నీళ్లయినా ముట్టడు, పొద్దు గూకగానే నలుగురి తిండి తింటాడు. మేం మధ్యాహ్నం గంజి తాగుతుంటే అదోలా చూసి తల తిప్పుకుంటాడు. మీ పెద్దమ్మ తేనెలో నల్లజీలకర్ర కలిపి ఇస్తే దణ్ణం పెట్టి చీకటిపడ్డాక నాకాడు. దారిలో ప్రాణం పోకుండా చూసుకో.

హజ్‌కి వస్తాను. ఏ నెలో నాకు నేర్పకు. నెలకు పేరు పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి.

నీ తేనెటీగల నాయకుడు,
ఖిరాష్

*

మక్కా
జిల్‌హజ్ పద్నాలుగు

దయగలవాడి పేరుతో. ఆ దయ నీకు చాలా కావలసి వస్తుంది.

పెదనాన్న ఖిరాష్‌కు,

బండ బాగానే ఉంది. మూపురం చెక్కుచెదరలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా దాని పక్కనే నిలబడ్డాను. నా ముందునుంచి యెమెన్ వాళ్లు పోయారు, ఒమాన్ వాళ్లు పోయారు, ఉత్తరాన షామ్ పొలిమేరల యుద్ధాల నుంచి గాయాలు మానని సైనికులు కర్రలూతంగా పోయారు. ఒంటికాలి ముసలాయన ఒకడు యమామా నుంచి వచ్చాడు. పది రోజుల దారిలో ఉన్న మా పెదనాన్న రాలేదు. ఏం, ఈగకు జలుబు చేసిందా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వబ్రా నిన్న ఇక్కడ నీ ఉత్తరం ఇచ్చి, చేతులు నలుపుకుంటూ, "మీ పెదనాన్నగారి ఊళ్లో రంజాన్ నెలంతా పట్టపగలే తింటున్నారయ్యా, పెద్దవాళ్లని నేనేం అనలేకపోయాను" అన్నాడు. ఉత్తరం తెరిస్తే పైన షాబాన్ ఇరవై ఏడు! రాసిన రోజున రంజాన్ ఇరవై ఏడు నడుస్తోందని నాకు తెలుసు, వబ్రాకు తెలుసు, ఆకాశంలో ఉన్న చంద్రుడికి తెలుసు. గిన్నెడు గంజి కోసం నెల పేరు మార్చి రాశావా? పైగా ఉపవాసం ఉన్న మనిషికి జబ్బని జీలకర్ర పెట్టావా?

విగ్రహాలకు మొక్కినప్పుడు నీ మొక్కైనా నిజంగా ఉండేది. నోటితో సాక్ష్యం పలికి కడుపుతో ఇంకో మతం నడిపేవాళ్ల గురించి నా సంచీలో ఉన్న వాక్యాలు తీసి రాస్తే ఈ ఎముక పగులుతుంది. చంద్రుణ్ణి సంతలో పశువులా బేరం పెట్టిన వంశం మనది. తెగ పెద్దలకు దాడి కావాలంటే ఆయుధాలు దించాల్సిన నెలను వెనక్కి తోసేవాళ్లు. దోపిడీ ముగిశాక ఆ పవిత్ర నెలను మళ్లీ మర్యాదగా పిలిచేవాళ్లు. కర్ర విరిచిన రోజున నేనన్నది దొంగలెక్కలవాడివనే కదా? అది వెనక్కి తీసుకోవాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. మంచిదైంది, శ్రమ తప్పింది.

పెద్దమ్మకు మాత్రం సలాం.

హుసైల్

*

మక్కా
నా లెక్కలో జిల్‌హజ్ పదమూడు. ఊరివాళ్ల లెక్కలో ముహర్రం. నవ్వుకో.

అందరూ వెళ్లిపోయాక కూడా ఉండేవాడి పేరుతో.

ఒరే అబ్బాయ్,

వచ్చానురా. కొండదారుల్లో దిగి, పొలిమేరలోనే రెండు గుడ్డలు చుట్టుకుని, నేరుగా అరఫాత్‌కు తొమ్మిదో రోజుకే చేరాను. మైదానంలో ఎవరూ లేరు. కాకులు ఉన్నాయి. గుడారపు మేకుల గుంతలు ఉన్నాయి. పేడ ఎండి తెల్లబడింది, అప్పుడే అనుమానం రావలసింది. నాకు వచ్చిన అనుమానం వేరు: ఇస్లాం రద్దయిందా, నాకు కబురు అందలేదా అని!

మేకలు కాసే ఆవిడ ఒకతి కనబడింది. "జనం ఏరమ్మా?" అన్నాను.

"ఏ జనం, తాతా?"

"హజ్ జనం."

"హజ్ అయిపోయి నెలైంది. ఎక్కడ నిద్రపోయావు?"

నేను కర్ర చూపించి, కినానా వాళ్ల లెక్క తప్పదన్నాను. ఆవిడ మేకపిల్లను చూపించింది. "నీ కర్ర సంగతి నాకు తెలీదు. హజ్ నాడు పాలు అడగడానికి వచ్చినవాళ్ల ముందే ఇది పుట్టింది. ఇప్పుడు దీని నెత్తి తడిమి చూడు."

తడిమాను. కొమ్ములు మొలుస్తున్నాయిరా.

ఏడు తరాల లెక్క మేకపిల్ల ముందు ఓడిపోయింది. ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. పోయిన ఏడు అధిక నెల రావలసిన ఏడు. చాటొద్దన్నారు, చాటలేదు. గాటు మాత్రం పెట్టుకున్నాను. నోరు మూసుకున్నాను కదా, మరి చేతిని ఎవరు ఆపమన్నారు? చాటింపు తీసేశారంటే అధిక నెలే తీసేశారని నా బుర్రకు ఎక్కలేదు. నన్ను నమ్మి పదకొండు ఇళ్లవాళ్లూ రంజాన్‌లో కడుపునిండా తిని, తర్వాతి నెలంతా మాడారు. వాళ్లకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

వెనక్కి పోదామనుకున్నాను. కాళ్లు పోనివ్వలేదు. బండ పక్కన నిలబడ్డాను, పొద్దు గూకేదాకా. ఒక్కడినే. నువ్వు చెప్పే ఆ ఒక్కడు కూడా ఉన్నాడు. ఇద్దరమే. జనం ఉండుంటే ఇది నా నోట వచ్చేది కాదు, కాబట్టి విను.

నీకు రెండేళ్లప్పుడు ముహర్రం నెల. ఆయుధాలు దించాల్సిన నెల. పెద్దలు వచ్చి, "ఈసారి సఫర్ తర్వాత పెట్టు" అన్నారు. గాటు జరిపింది నేనే. కబురు అన్ని గుడారాలకూ వెళ్లింది. మందతో దూరంగా ఉన్న మీ నాన్నకు వెళ్లలేదు. నా తమ్ముడు మర్సద్ శాంతి నెలే కదా అని కత్తి లేకుండా బావికి వెళ్లాడు. మాకు దాడి నెల అయితే ఎదుటి తెగకూ దాడి నెలే. బావి నుంచి తిరిగి రాలేదు. నువ్వు కర్ర విరిచినప్పుడు నీకు తెలిసే విరిచావనుకున్నాను. తెలుసా, తెలీదా అని పన్నెండేళ్లు అడగలేకపోయాను.

తప్పుడు నెలలో నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో ఆ మైదానంలో చూశాను. మర్సద్ ఆ బావి దగ్గర అలాగే నిలబడి ఉంటాడు.

దేవుడి పట్ల చేసింది దేవుడు క్షమిస్తాడు, మనిషి పట్ల చేసింది ఆ మనిషే క్షమించాలి అని నీ సంచీలో ఏదో ఎముక మీద ఉందట, మీ పెద్దమ్మ అంటుంది. ఆ మనిషి లేడు. కొడుకు ఉన్నాడు.

ఖిరాష్

*

హజర్ తోటలు
వీడ్కోలు హజ్ జరిగాక ఐదో ఏడు, రబీ మొదటి నెల, ఇరవై

తప్పుకూ పొరపాటుకూ తేడా తెలిసినవాడి పేరుతో.

పెదనాన్నా,

నా మక్కా ఉత్తరం ఇంకా చేరకపోతే బాగుండు. చేరి ఉంటే పెద్దమ్మతో చెప్పు, ఆ ఎముకను పులుసులో వేసేయమని.

నీ ఉత్తరం చూడగానే నాకు అలవాటైన పనే చేశాను. జనాన్ని పోగుచేసి, సంచీ దించి, నీ ఊరి ఉపవాసాలు చెల్లవు, నీ హజ్ చెల్లదు, గాటు పెట్టిన చెయ్యి చెల్లదు అని ఉరిమాను. మదీనాలో ప్రవక్త ముందు ఏళ్ల తరబడి కూర్చుని విన్న పెద్దాయన ఒకడు ఈ మధ్యే ఇక్కడికి వచ్చాడు. మెల్లగా, "ఉరుము అయిపోయిందా నాయనా? వాన ఏమైనా పడుతుందా?" అన్నాడు. జనం నవ్వారు. ముత్యాలవాళ్లు ఊపిరి వదిలేసి మరీ నవ్వారు.

ఆయన చెప్పింది రాస్తున్నాను. తెలియక ఆలస్యంగా ఉన్న ఉపవాసం చెల్లుతుంది. నెల దాటాక తీర్చుకున్నట్టే. ఒక్కటే చిక్కు: మీరు మొదలుపెట్టిన రోజు మాకు పండుగ. పండుగనాడు ఉపవాసం ఉండకూడదు. కాబట్టి పదకొండు ఇళ్లవాళ్లూ ఇంకొక్క రోజు ఉంటే సరి. అరఫాత్ మాత్రం వేరే రోజున చెల్లదు. మళ్లీ రావలసిందే. "అయితే ఆ ముసలాయన అక్కడ చెప్పుకున్నది ఏ రోజైనా చెల్లుతుంది" అన్నాడు.

ఇంకోటి. నెలలు కాలాన్ని దాటి తిరుగుతాయని ఏడుస్తావే, తిరగనీ. ముప్పై మూడేళ్లలో రంజాన్ అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. ఎడారిలో ఉన్నవాడికే ఎప్పుడూ ఎండ ఉపవాసం, కొండ మీదవాడికే ఎప్పుడూ చలి ఉపవాసం అని ఉండదు. దేశాలు పెరుగుతున్నాయి, పెదనాన్నా. ఏ దేశపు ఎండను పట్టి నెల నిలబెడతావు?

సంచీలో తొమ్మిది ఖర్జూరపు గింజలు పంపుతున్నాను. ప్రతి నెలవంకకూ ఒకటి పారేయి. దారిలో పారేయాల్సినవి వబ్రా పారేస్తాడు, వాడితో ప్రమాణం చేయించాను. ఒక్క గింజ మిగిలాక బయలుదేరు. నీ కర్ర జోలికి పోకు.

నాన్న గురించి రాసింది చదివాను. నాకు తెలీదు. దానికి జవాబు ఏ ఎముక మీదా పట్టడం లేదు.

హుసైల్

*

మక్కా
తేదీ వేసే పని నాది కాదు. వబ్రాను అడిగితే రజబ్ ఆరు అన్నాడు. రాశాను.

నెలల్ని పుట్టించినవాడి పేరుతో.

ఒరే హుసైల్,

గింజలు మేక తినేసింది.

కోప్పడకు, సంగతి విను. ఖర్జూరపు గింజలు ఏ ఇంట్లో అయినా దేనికి వాడతారు? మీ పెద్దమ్మ సంచీ తడిమి, "పోనీలే, ఈసారి పశువుల మేతైనా పంపాడు" అని నానబెట్టి దంచి పాడిమేకకు పెట్టింది. ఎన్ని ఉన్నాయే అంటే ఏడంటుంది, ఎనిమిదంటుంది. మేకను అడిగాను. అది నీలాగే, నమలడం తప్ప జవాబు చెప్పదు. వబ్రా అప్పటికే కొండ దిగిపోయాడు.

నీ తిట్ల ఉత్తరం కూడా వచ్చింది. మీ పెద్దమ్మకు మొత్తం చదివి వినిపించాను. వబ్రాకు జబ్బు కాదు ఉపవాసమని తెలిసి, తల బాదుకుంది. "ఆకలితో ఉన్నవాడి ముందు ఇరవై రోజులు గంజి తాగామా!" అని ఊరు ఊరంతా సిగ్గుతో చచ్చింది. మిగిలిన ఒక్క రోజు ఉపవాసం పదకొండు ఇళ్లూ వాడి పేరు చెప్పుకునే ఉన్నాయి.

ఇక కర్ర. పోయిన నెల గాలివానకు తేనెపట్టు గూడు ఒకటి ఒరిగింది. చుట్టూ చూస్తే చేతికి కర్రే దొరికింది. నరం విప్పి, పొడుగు ముక్కను కింద ఊతం పెట్టాను. సరిగ్గా నువ్వు విరిచిన ఎత్తే ఉంది దానికి. ఇప్పుడు ఈగలు గాట్లలో మైనం పూస్తున్నాయి. ఏడు తరాల్లో దాని నుంచి తీపి రావడం ఇదే మొదలు.

గింజలు లేవు, కర్ర లేదు. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. కాబట్టి ముందే వచ్చేశాను. ఎంత ముందంటే, "ఇంకా ఐదు నెలలు ఉంది తాతా" అని ఊరంతా నవ్వేంత. తేనె అమ్ముకుంటూ కూర్చున్నాను. ఐదారు రోజుల కింద నెలవంక నేనే ముందు చూశాను. నోరు తెరవబోయి ఆగాను. నీళ్లు మోసే ఆవిడ "అదిగో!" అంది. నేనూ అందరితో పాటు తల ఎత్తి చూశాను, కొత్తగా చూసినట్టు.

నెలల్ని ఆపి నిలబెట్టిన ఇంటివాణ్ణి. ఈసారి నెల కోసం నేను ఆగుతున్నాను. నీ జవాబు కోసం కూడా. ఎముక మీద పట్టకపోతే నోటితో తీసుకురా. అదీ పట్టకపోతే ఊరికే రా.

ఎదురుచూసేవాడు,
ఖిరాష్

*

అరఫాత్
జిల్‌హజ్ తొమ్మిది. నీ లెక్కలోనూ, నా లెక్కలోనూ.

ఒక్కడి పేరుతో.

పెదనాన్నా,

వేలమందికి ఉపదేశం చేసిన నోరు. పొద్దుటి నుంచి నీ వెనకే, ముప్పై అడుగుల్లో నిలబడి ఉన్నాను. సంచీ మొత్తం వెతికాను, ఇక్కడికి పనికొచ్చే నా సొంత మాట ఏ ఎముక మీదా లేదు. అందుకని వబ్రా చేతికి ఈ తోలుముక్క ఇస్తున్నాను.

నాన్న తరఫున క్షమించాను. నా తరఫున దొంగలెక్కలవాడివన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కర్రకు మాత్రం బాధపడటం లేదు, ఈగలకు పనికొచ్చింది.

పొద్దు ఇంకా ఉంది. వెనక్కి తిరుగు.

మర్సద్ కొడుకు,
నీ కొడుకు,
హుసైల్